మైకమ్మ మాట్లాడని రోజులు

ఆ మార్కెట్టులో ఆమెను అందరూ మైకమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో అనుమానమే. తన మాంసం కొట్టు ముందు నిలబడి ఆమె "ఏమయ్యా, నిన్న పట్టుకెళ్ళింది మెత్తగా ఉడికిందా?" అని పలకరిస్తే, ఆ పలకరింపు కూరగాయల వరుస దాటి, చెప్పుల దుకాణాలు దాటి, బస్సు కోసం నిలబడ్డవాళ్ళ చెవుల్లో పడేది. అడిగించుకున్నవాడు ఎంత దూరంలో ఉన్నా తలూపక తప్పేది కాదు. ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్ళి రానంటోందో, ఎవడు పనిలోంచి ఊడిపోయాడో, ఆమె నోట పడిందంటే ఇక దాచుకునే శ్రమ ఉండేది కాదు. అయినా ఆమె మీద ఎవరికీ కోపం లేదు. నోరే పెద్దది గాని మనసులో ఏమీ పెట్టుకోదు అనుకునేవారు.

మొగుడు పోయిన వారానికే అతని కత్తులు తన చేతిలోకి తీసుకుంది. ఉన్న ఒక్క కూతుర్నీ ఆ కొట్టు మీదే పెంచి పెళ్ళి చేసింది. తెల్లవారుతూనే కొట్టు వెనక మేకను పట్టేటప్పుడు మాత్రం ఆమె నోరు మెదిపేది కాదు. బెదిరిన మేక తన్నుతుంది. తన్నితే కత్తి జారుతుంది. దవడ కింద ఒక చెయ్యి, వెనక కాళ్ళకు అడ్డంగా మోకాలు, అంతే. ఆ కాసేపూ ఆమె ఇంకో మనిషి. పని అయిపోయి చేతులు కడుక్కున్నాక మళ్ళీ మైకు మొదలయ్యేది.

ఆ నోరు మూతపడింది ఒక దెబ్బతో.

ఆ రోజు పొద్దున చేపలాయనకూ కోళ్ళాయనకూ జుట్టూ జుట్టూ ముడిపడింది. చేపలు కడిగిన నీళ్ళు కోళ్ళ కొట్టులోకి పారాయట. ముందు తిట్టుకున్నారు. తరవాత బుట్టలు తన్నుకున్నారు. అంతలో చేపలాయన పొలుసు గీకే కత్తి ఎత్తాడు, కోళ్ళాయన త్రాసులోంచి ఇనుప గుండు తీశాడు. చుట్టూ చేరినవాళ్ళు ఇంకాస్త చోటిచ్చి వెనక్కి జరిగారు తప్ప ఒక్కడూ ముందుకు రాలేదు. చేపలాయన కత్తి విసురుకు కోళ్ళాయన చెవి తమ్మె తెగి వేలాడింది. రక్తం చొక్కా కాలరు లోపలికి కారుతుంటే అతనికి ఒళ్ళు తెలియలేదు.

మైకమ్మ గుంపును తోసుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "ఒరేయ్ దున్నపోతుల్లారా! మురుక్కాలవ నీళ్ళ కోసం ప్రాణాలు తీసుకుంటార్రా? నీ పెళ్ళాం నిండు నెలలతో ఉంది, నీకేమో..."

మాట పూర్తి కాలేదు. చేపలాయన నెత్తికి గురిపెట్టి కోళ్ళాయన విసిరిన గుండు ఆమె గొంతు మీద పడింది. తడిసిన గుడ్డను రాతి మీద కొట్టినట్టు ఒక చప్పుడైంది. ఆమె మెడ పట్టుకుని వెనక్కి విరుచుకుపడింది. నోట్లోంచి మాటకు బదులు రక్తం వచ్చింది. ఏ నీళ్ళ కోసం కొట్టుకున్నారో ఆ నీళ్ళలోనే ఆమె పడి ఊపిరి కోసం కాళ్ళు కొట్టుకుంటుంటే, ఆ ఇద్దరూ కత్తీ కోపమూ అక్కడే పారేసి, ఒకడు తల ఒకడు కాళ్ళు పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తారు.

డాక్టరు లోపలికి గొట్టం వేసి చూసి చెప్పాడు. "గొంతులో బాగా వాచింది, ఒకచోట చీలింది కూడా. నేను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు, అది ఇంకా చేటు. మాట్లాడావా, ఇక గొంతు రాదు."

మార్కెట్టు రెండు రోజులు నవ్వుకుంది. ఆ తరవాత నవ్వడం మానేసింది. అలవాటైన రొద ఆగిపోతే నిద్రలోంచి మెలకువ వచ్చినట్టు, ఆమె నోరు మూతపడేసరికి జనానికి ఏదోలా అయింది. మెడకు పట్టీ కట్టుకుని ఆమె మౌనంగా మాంసం కొడుతుంటే, ఎదురుగా నిలబడ్డవాళ్ళు ఆ ఖాళీని భరించలేక ఏదో ఒకటి తెచ్చి అందులో పోసేవాళ్ళు. బేరం ఆడడానికి వచ్చినావిడ తనలో తనే బేరం ఆడుకుని, తనే ఓడిపోయి, చివరికి తన అత్తగారి సంగతంతా చెప్పుకుని వెళ్ళేది. ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడే పాలాయన, కొడుకు తనతో మాట్లాడడం లేదని చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న మనుషులు. వీళ్ళ కడుపుల్లో ఇంత ఉందని మైకమ్మకు తెలియదు. అందరి సంగతులూ తనకు తెలుసుననుకుంది. తనకు తెలిసినవన్నీ తను అడిగిన ప్రశ్నలకు జవాబులేనని ఇప్పుడు అర్థమవుతోంది.

కూతురు రోజూ మధ్యాహ్నం కొట్టు పక్కనే ఉన్న ఇంటికి వచ్చి తల్లికి గంజి కాచి పెట్టి వెళ్ళేది. పొడుగ్గా, సన్నగా ఉండే పిల్ల. మార్కెట్టు అవతలి వీధిలో టైర్ల షాపు అతనికి ఇచ్చి చేశారు. కింద షాపు, మీద ఒక గది. అల్లుడు నెమ్మదస్తుడు. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. "నీ నోటికీ అతని నోటికీ సరిపోయింది. దేవుడు లెక్క చూసే ఇచ్చాడు" అని మార్కెట్టువాళ్ళు అంటే మైకమ్మ పొంగిపోయేది.

ఆ రోజు కూతురు గిన్నెలు కడిగి పైనున్న అర మీద పెట్టడానికి చేతులెత్తింది. జాకెట్టు పైకి జరిగింది. పక్కటెముకల మీద అరచెయ్యంత మేర నల్లగా, అంచుల్లో పసుప్పచ్చగా కమిలిపోయి ఉంది. రోజూ చర్మం ఒలిచే మనిషికి అది ఎన్నాళ్ళ దెబ్బో, దేనితో తగిలిందో చెప్పనక్కర్లేదు.

కూతురు వెనక్కి తిరిగి తల్లి చూపు ఎక్కడుందో చూసింది. గబుక్కున జాకెట్టు లాక్కుంది.

"బీరువా తలుపు తగిలిందమ్మా."

మైకమ్మ ఏమీ అనలేదు. అనలేదు గనక ఆ మాట గదిలో అలాగే నిలబడిపోయింది. మామూలుగా అయితే ఈపాటికి తను మొదలుపెట్టేది. కిందటేడు ఈ పిల్ల పెదవి చిట్లి వస్తే "మెట్ల మీద పడ్డావా? చూసుకుని నడవ్వే, కళ్ళు నెత్తిన పెట్టుకుంటావా" అన్నది తనే. పిల్ల "ఊఁ" అంది. అబద్ధం తల్లే అందించింది, కూతురు పుచ్చుకుంది. మరోసారి "అమ్మా, ఆయన..." అని ఏదో మొదలెడితే "మగాళ్ళన్నాక అంతేనే, మీ నాన్న మాత్రం?" అంటూ తన కాపురమంతా చెప్పుకొచ్చింది. ఆ "ఆయన" తరవాత ఏముందో అడగనే లేదు.

కుళాయి నుంచి బొట్లు పడుతున్నాయి. కూతురు తడి చేతులు చీరకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. తల్లి వైపు చూసింది. తల్లి అలాగే చూస్తోంది.

"బీరువా కాదమ్మా" అంది చివరికి, గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంటూ. "ఆయన కోప్పడరు. ఒక్క తిట్టు తిట్టరు. కింద కంప్రెసర్ వేసి పైకొస్తారు. టైర్లకి గాలి పట్టేది లేదూ, అది. అది డబడబా కొట్టుకుంటుంటే మీద ఏం జరిగినా వీధిలోకి వినపడదు. షాపు ముందు బండి లేకుండా అది మోగిందంటే కొంగు మడిచి నోట్లో పెట్టుకుంటాను. కూర చల్లారిందని ఒకసారి. నవ్వానని ఒకసారి. మొహం మాడ్చుకుని ఉన్నానని ఇంకోసారి. ఇనప పలకకి తువ్వాలు చుట్టి కొడతాడమ్మా, తోలు చిట్లకుండా. పని చేసుకున్నట్టు కొడతాడు. అయిపోయాక కిందికెళ్ళి కంప్రెసర్ కట్టేసి, చేతులు కడుక్కుని, అన్నం పెట్టమంటాడు వాడు."

ఆయన అని మొదలైన మనిషి వాడుగా ఎప్పుడు మారాడో ఆ పిల్లకే తెలిసినట్టు లేదు.

మైకమ్మ గొంతులోకి ఇన్నేళ్ళ కేకలన్నీ ఒక్కసారి దూసుకొచ్చాయి. నోరు తెరిచింది. కేక రాలేదు, దగ్గు వచ్చింది. చీర కొంగు మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి.

కూతురు ఉరికి వచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దమ్మా, వద్దు. నువ్వు అరుస్తావనే ఇన్నాళ్ళూ చెప్పలేదు. నువ్వు వెళ్ళి షాపు ముందు అరుస్తావు. వీధంతా పోగవుతుంది. వాడు తల దించుకుని 'తప్పయిపోయిందత్తా' అంటాడు. అందరూ వాణ్ణే అయ్యో పాపం అంటారు. నువ్వు ఇంటికి వచ్చేస్తావు. ఆ తరవాత నేను వాడితో ఒక్కదాన్నే ఉంటాను."

ఇక వెళ్ళొద్దని మైకమ్మ చేతులతో చెప్పింది. కూతురు తల అడ్డంగా ఊపింది. "సాయంత్రానికి వెళ్ళకపోతే వాడే ఇక్కడికి వస్తాడు. నువ్విలా ఉన్నప్పుడా? నన్ను కాస్త ఆలోచించుకోనీ. చెప్పాను కదా. చెప్పడమే పెద్ద పని, అది అయిపోయింది." తల్లి తన మణికట్టు పట్టుకోబోతే, వేడి గిన్నె తగిలినట్టు చెయ్యి లాక్కుంది. అక్కడా దెబ్బే. మైకమ్మ వదిలేసింది.

మర్నాడు మధ్యాహ్నం కూతురు రాలేదు.

మైకమ్మ కాసేపు ఎదురుచూసింది. కొడుతున్న మాంసం కొడుతున్నట్టే వదిలేసి, కొట్టు షట్టరు దించబోయింది. చేతిలో పెద్ద కత్తి ఉంది. ఆగి ఆలోచించి, దాన్ని మొద్దు మీద పెట్టేసింది. కత్తి చేతిలో ఉంటే తను ఆగనని ఆమెకు తెలుసు.

వీధి మలుపు తిరగకముందే కంప్రెసర్ చప్పుడు వినపడింది. ఎన్నిసార్లో ఈ దారిన వచ్చింది. ఈ చప్పుడు ఎన్నిసార్లు మోగిందో, దాని మీద తన గొంతు ఇంకా పైకి పెంచి ఎన్ని కబుర్లు చెప్పిందో. ఇప్పుడు ఆ చప్పుడు తప్ప ఆమెకు ఇంకేమీ వినపడడం లేదు. షాపు ముందు ఒక్క బండి లేదు. షట్టరు సగం దించి ఉంది. ఎదురుగా కుట్టుపని ఆయన మిషను మీదికి వంగిపోయి తల ఎత్తడం లేదు. పక్కన టీ కొట్టు ఆవిడ రేడియో గొంతు పెంచింది.

మైకమ్మ షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరింది. రబ్బరు వాసన, నూనె వాసన. కంప్రెసర్ చప్పుడుకు నేలంతా అదురుతోంది. మెట్లెక్కింది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

అతను కూతురి జడను మణికట్టుకు చుట్టుకుని మొహాన్ని గోడకు అదిమిపెట్టాడు. రెండో చేతిలో టైరును రిమ్ము నుంచి ఊడదీసే పొడుగాటి ఇనప పలక, దానికి తువ్వాలు. వీపు మీద కొట్టాడు. కాస్త ఆగి, చోటు చూసుకుని, మళ్ళీ కొట్టాడు. మొహంలో కోపం లేదు. మేకు సరిగ్గా దిగిందో లేదో చూసుకునేవాడి మొహంలా ఉంది. పిల్ల పైట కొంగు పళ్ళ మధ్య కరిచిపట్టుకుంది. గోడ మీద ముక్కు నుంచి కారిన రక్తం అడ్డంగా పులుముకుంది.

అత్త వస్తే వీధి చివర నుంచే తెలిసిపోతుందని అతనికి ధీమా. ఈసారి అతని యంత్రమే ఆమె అడుగుల్ని మింగేసింది. మైకమ్మ వెనక నుంచి వచ్చింది. దవడ కింద ఒక చెయ్యి వేసింది, మోకాలితో అతని మోకాలి వెనక తన్నింది. వెనక్కి లాగింది. మనిషి మొదలు నరికిన చెట్టులా కూలాడు. తల గచ్చుకు కొట్టుకుంది.

కానీ మేక కాదు కదా. కింద పడి ఉండగానే ఇనప పలక తిప్పి కొట్టాడు. ఆమె ముంజేయి ఎముక పుటుక్కున విరిగింది. ఆమె అతని దవడ వదల్లేదు. అతను ఆమె వేళ్ళు కొరికాడు. ఆమె గోళ్ళు అతని చెంపలో దిగాయి. ఇద్దరూ దొర్లి బీరువాకు గుద్దుకున్నారు. అతను ఆమె జుట్టు పట్టుకుని తలను బీరువా అంచుకేసి కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కళ్ళలోకి దిగింది. ఇంత జరుగుతున్నా ఆ గదిలో ఒక్క మాట లేదు. కొట్టేవాడు మాట్లాడే మనిషి కాదు, దెబ్బ తినేదానికి గొంతు లేదు. కింద యంత్రం ఒక్కటే ఆగకుండా కొట్టుకుంటోంది.

అతను లేచాడు. రొప్పుతూ, ఇనప పలకకు చుట్టిన తువ్వాలు విప్పి పారేశాడు. ఈసారి తోలు చిట్లినా ఫరవాలేదన్న మాట. రెండు చేతులతో ఎత్తాడు.

అది దిగలేదు. గది మూలన చక్రాల బోల్టులు విప్పే పెద్ద పానా ఉంది. కూతురు దాన్ని అందుకుని పక్క నుంచి అతని మోకాలి మీద కొట్టింది. చిప్ప పగిలింది. అతను పడుతుంటే భుజం మీద కొట్టింది. మూడోసారి నెత్తి మీదికి ఎత్తింది. ఆ కళ్ళలో ఇన్నాళ్ళదీ ఉంది.

ఆగమని అరవడానికి మైకమ్మకు గొంతు లేదు. విరగని చెయ్యి పైకెత్తి, అరచెయ్యి తెరిచి, అలాగే పట్టుకుంది. కూతురు ఆ చెయ్యి చూసింది. రక్తంలో తడిసిన తల్లి మొహం చూసింది. పానా మెల్లగా దించింది. తరవాత మెట్లు దిగి వెళ్ళి కంప్రెసర్ కట్టేసింది.

ఒక్కసారిగా వీధి అంతా ఆగిపోయినట్టయింది. ఆ నిశ్శబ్దంలోకి, ఇన్నేళ్ళూ గొంతు పెంచని మనిషి ఏడుపు మేడ మీద నుంచి కిందికి దిగింది. "అమ్మో! అయ్యో! చచ్చిపోతున్నా!"

అప్పుడు వచ్చారు జనం. కుట్టుపని ఆయన టేపు మెడలోనే వేసుకుని అందరికంటే ముందు మెట్లెక్కాడు. గోడ మీది రక్తం చూసి ఆగిపోయాడు. "మేం అనుకుంటూనే ఉన్నామమ్మా, ఏదో జరుగుతోందని. మనకెందుకులే, మొగుడూ పెళ్ళాల మధ్య..."

పైకి తిరిగొచ్చిన కూతురు నోట్లో నెత్తురు ఉమ్మేసి అడిగింది. "అంటే మీకు వినపడేది?"

టీ కొట్టు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మైకమ్మ వాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. తనది పెద్ద నోరు, వీళ్ళది మూసుకున్న నోరు. ఆ పిల్లకు రెండూ ఒకలాగే అయ్యాయి.

పోలీసు స్టేషన్లో అధికారిణి ముందు కూతురు అంతా చెప్పింది. మధ్యలో ఆగిపోయేది. చాలాసేపు ఆగేది. విరిగిన చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని మైకమ్మ పక్కనే కూర్చుంది. పిల్ల ఆగిన ప్రతిసారీ ఆ మాట తనే అందుకోవాలని నాలుక పీకేది. అందుకోలేదు. ఆగిన చోటు నుంచి పిల్లే మళ్ళీ మొదలుపెట్టేది. ప్రతిసారీ తల్లి ఊహించనిదే చెప్పేది.

అతన్ని ముందు ఆస్పత్రిలో, తరవాత జైల్లో ఉంచారు. ఈలోగా మైకమ్మ చెయ్యి అతుక్కుంది, గొంతూ నయమైంది. ఇక మెల్లగా మాట్లాడొచ్చని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి తెలిసి, ఏం మాట్లాడుతుందో విందామని మార్కెట్టంతా కొట్టు ముందు పోగయింది. అందరికంటే ముందు చేపలాయనా కోళ్ళాయనా తలలు వంచుకుని నిలబడ్డారు. ఆమె వాళ్ళను చూసి బొంగురు గొంతుతో అంది. "కాస్త జరగండి. గాలి రానివ్వండి." అంతే. జనం కాస్త చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు.

బెయిలు మీద బయటికి వచ్చిన అల్లుడు ఒక పొద్దున్న కొట్టుకు వచ్చాడు. చంకలో కర్ర, పక్కన అతని అక్కగారు. కొట్టు రద్దీగా ఉంది. మైకమ్మ మాంసం కొడుతోంది, కూతురు పక్కన నిలబడి పొట్లాలు కడుతోంది.

అక్కగారు మొదలుపెట్టింది. "వాడు తిండి మానేశాడమ్మా. నాలుగు గోడల మధ్య జరిగింది బజారున పడింది, చాలదా? పిల్లని పంపించండి. నేను హామీ."

మైకమ్మ నోట్లోకి మాటలు గుంపులు గుంపులుగా వచ్చాయి. ఇప్పుడు గొంతుంది. చుట్టూ జనం ఉన్నారు. నిలువునా కడిగెయ్యొచ్చు. నోరు తెరవబోతూ కూతురి వైపు చూసింది. ఆ పిల్ల మొహంలో ఏదో నడుస్తోంది. భయం కాదు, జాలి కాదు. దేనినో తనలో తను తూచుకుంటోంది. ఇప్పుడు తను అరిస్తే ఆ త్రాసు చెదిరిపోతుంది. పిల్ల ఏం చేసినా అమ్మ కోసం చేసినట్టవుతుంది, లేదా అమ్మ మీద పంతానికి. మైకమ్మ పళ్ళు బిగించింది. కత్తి మొద్దు మీద పెట్టి, చేతులు కట్టుకుంది.

కొనడానికి వచ్చినవాళ్ళు సంచులు పట్టుకుని ఆగిపోయారు.

"తప్పయిపోయింది" అన్నాడు అతను, మెత్తగా. కూతురు పలకలేదు.

"కోపం ఎవరికి రాదు చెప్పు? నేనూ మనిషినే కదా."

పలకలేదు.

"నువ్వు కూడా ప్రతిదానికీ అలా బిగుసుకుపోతే... ఇదిగో, ఇలాగే. ఇలా నిలబడితే ఏ మగాడికైనా మండదూ?"

అక్కగారు చొక్కా పట్టి లాగింది. అతను విదిలించుకున్నాడు. గొంతు మొదటిసారి పైకి లేచింది. "నా కాలు చూడండి! కుంటివాణ్ణి చేసింది! ఇదా కాపురం చేసే ఆడది? ఆ రోజే దీని పీక పిసికి ఉంటే పీడా పోయేది!"

అని బల్ల మీదుగా వంగి కూతురి జడ అందుకున్నాడు. పాత అలవాటుతో మణికట్టుకు చుట్టుకుని, మొహాన్ని మాంసపు మొద్దు మీదికి లాగి కొట్టాడు. ముక్కు నుంచి రక్తం చిమ్మి మేక రక్తంలో కలిసింది. మైకమ్మ అడుగు వేసేలోపే కూతురి చెయ్యి కత్తి పిడిని వెతుక్కుంది. పదును పక్కకు తిప్పింది. కత్తి వెడల్పుతో, ఉన్న బలమంతా పెట్టి, అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక నలిగింది. అతని వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. అతను మూలుగుతూ కింద పడ్డాడు.

కూతురు నిటారుగా నిలబడి చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను రాను. ఇంకెప్పుడూ రాను." తరవాత జనం వైపు తిరిగింది. "వాడు ఏమన్నాడో, ఏం చేశాడో అందరూ విన్నారు, చూశారు. ఈసారి విననట్టు ఊరుకోకండి."

ఊరుకోలేదు. చేపలాయన ఒక రెక్క, కోళ్ళాయన ఒక రెక్క పట్టుకుని అతన్ని స్టేషనుకు ఈడ్చుకెళ్ళారు. దారిలో ఎవరో చెంప మీద కొట్టారు, ఇంకెవరో డొక్కలో తన్నారు. మైకమ్మ అదేదీ చూడలేదు. కూతురి ముక్కుకు తడిగుడ్డ అదిమి పట్టుకుని నిలబడింది.

కేసు తేలడానికి చాలా కాలం పట్టింది. సాక్ష్యం చెప్పడానికి కుట్టుపని ఆయన వచ్చాడు, టీ కొట్టు ఆవిడా వచ్చింది. అతనికి శిక్ష పడింది. కూతురు ఒక రొట్టెల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది.

అన్నీ కుదుటపడ్డాయని మైకమ్మ అనుకుంటున్నప్పుడు, ఒక సెలవు రోజు కూతురు అంది. "ఫ్యాక్టరీ దగ్గర ఒక గది చూసుకున్నానమ్మా. ఒక్కదాన్నే ఉంటాను."

ఈ ఇల్లు నీకేం తక్కువైందే? ఒంటరి ఆడదానివి, తలుపు తట్టేవాళ్ళు ఉండరా? ఇంత జరిగాక నన్ను వదిలి పోతావా? అన్నీ మైకమ్మ నాలుక చివర వరస కట్టాయి. కూతురు ఎదురుచూస్తోంది, వాటి కోసమే ఎదురుచూస్తున్నట్టు భుజాలు బిగించుకుని. మైకమ్మ మంచినీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"మంచం ఎలా తీసుకెళ్దాం?" అంది.

కూతురి భుజాలు జారాయి. ఏడుపో నవ్వో తెలియని చప్పుడు ఒకటి చేసింది.

మధ్యాహ్నానికి సామాను చేరింది. మూడో అంతస్తు, ఒక కిటికీ, నీలం సున్నం వేసిన గోడలు. తలుపుకు లోపలి నుంచి కొత్త గడియ బిగించారు. గిన్నెలు ఇంకా మూటలోనే ఉన్నాయి. కాసేపు నడుం వాలుస్తానని కూతురు ఉత్త మంచం మీద పడుకుని, పడుకున్న క్షణంలోనే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. చిన్నప్పుడూ అలాగే పడుకునేది. ఏ చప్పుడుకూ ఉలిక్కిపడకుండా ఆ పిల్ల నిద్రపోవడం చూసి ఎన్నాళ్ళయిందో. మైకమ్మ గుమ్మం దగ్గర గచ్చు మీద కూర్చుని, ఆ ఊపిరి వింటూ ఉండిపోయింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గది అద్దెకిచ్చిన ఇంటావిడ వచ్చింది. మంచి మనిషే, నోరే కాస్త పెద్దది. "ఏమమ్మా, సర్దుకోవడం అయిందా?" అని కింది నుంచే కేకేసింది. మైకమ్మ గబగబా లేచి, బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, రెండు మెట్లు దిగి ఎదురెళ్ళింది. నీళ్ళు ఏ వేళకు వస్తాయో, చెత్త ఎక్కడ వెయ్యాలో విన్నది. తనకు మాంసం కొట్టు ఉందని చెప్పింది. ఇంటావిడ అన్నీ అడిగి, చివరికి అసలు సంగతికి వచ్చింది.

"మరి అల్లుడుగారేం చేస్తారు? కనపళ్ళేదు?"

మైకమ్మ దగ్గరగా వేసిన తలుపు వైపు చూసింది.

"మా అమ్మాయి లేచాక అడగండి" అంది మెల్లగా. "చెప్పాలనుకుంటే తనే చెబుతుంది."